నందాదేవి పక్షమున
(గ్రంథాలయ సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగము)



హిమవంతునకు శిఖరములు పెక్కులు గలవు. కాని మంచుకొండలను కోటగోడవలె చుట్టును నిలుపుకొని, నడుమ ఠీవిగా నిలిచినది నందాదేవి. దాని యెత్తు 7,816 మీటర్లు. కుమావూను, గఢవాలు ప్రజలకది యిలవేల్పు. అచటి హిమానీనదముల నీరు ఋషిగంగయై, ఆ కోటను చీల్చుకొని వెలువడి, తుదకు గంగలో గలియుచున్నది.

ఆ యిరుకు లోయగుండ 1934లో షిప్టన్, టిల్మన్ అను ఆంగ్లేయులు తొలిసారి కోటలోపలికి బ్రవేశించిరి. వారి పేరులు లోకమెరుగును. వారితోపాటు మూటలు మోసి ప్రాణములొడ్డిన ఆంగ్ థార్కే, పాసంగ్, కుసాంగ్ అను షెర్పాల నెంద రెరుగుదురు? 1936 ఆగష్టు 29న టిల్మన్, ఓడెల్ శిఖరమెక్కిరి. 1950లో అన్నపూర్ణ నధిరోహించువరకు, మానవుడు కొనముట్ట నెక్కిన పర్వతములలో నిదియే మిక్కిలి యున్నతమైనది. ఆ యాత్రలోనే కితార్ అను షెర్పా రోగముచే గన్నుమూసెను. కీర్తి యిరువురి పేర జమ యయ్యెను. మరణము కితార్ వంతు వచ్చెను.

1964లో మనవారి బృందమునుండి నవాంగ్ గొంబు, దావా నోర్బు శిఖరము జేరిరి. సంతోషమే. కాని మరుసటి యేడు జరిగిన దానిని విన్నచో ఆ సంతోషము నిలువదు.

చైనా యణుపరీక్షల జాడ దీయుటకై 1965లో అమెరికా గూఢచారి శాఖయు, మన గూఢచారి శాఖయు గలిసి ప్లుటోనియముతో నడచు యంత్రమును ఆ కొండపైకి రహస్యముగా మోయించిరి. మంచుతుపాను రాగా దానిని నడుమ విడిచి దిగివచ్చిరి. 1966లో వెదుకబోగా నది కానరాలేదు. నేటికిని దొరకలేదు. గంగ తలాపున నిట్టి వస్తువు పోయినదన్న మాటను పార్లమెంటు వినుటకు 1978 వరకు, మొరార్జీ దేశాయి నోరు విప్పువరకు, వేచియుండవలసి వచ్చినది.

ఈ నడుమ నా లోయ ప్రజ లేమిచేసిరి? 1974లో రేణీ గ్రామ స్త్రీలు గౌరాదేవి నాయకత్వమున గుత్తదారు గొడ్డళ్ల కడ్డునిలిచి యడవిని గాపాడిరి. వారికి లభించిన బహుమాన మేమి? 1982లో ఆ ప్రదేశము జాతీయోద్యానమయ్యెను. పిదప ఆరోహకులతోపాటు గ్రామస్థుల గొఱ్ఱెలకును ద్వారము మూసిరి. మేతయు బోయె, బరువులు మోసి గడించు కూలియు బోయె.

2021 ఫిబ్రవరి 7న ఋషిగంగ పొంగి రెండువందలమందికి పైగా బలిగొన్నది. రోంటీ శిఖరపు పార్శ్వమునుండి రాయియు మంచును విరిగిపడుటయే కారణమని శాస్త్రజ్ఞులు తేల్చిరి. అయినను గ్రామస్థులకు మొదట దోచినది ఆ పోయిన యంత్రమే. వారిని మూఢులనరాదు. పదుమూడేండ్లు సత్యమును దాచిన ప్రభుత్వమే యా యనుమానమునకు విత్తనము నాటినది.

న్యాయస్థానమున నొక ధర్మము గలదు: ఎవని యింటిమీదికి ప్రమాదము వచ్చునో వానికి ముందుగా నోటీసు ఈయవలెను. నందాదేవి విషయమున నా నోటీసు ఎన్నడును రేణీ గ్రామమునకు జేరలేదు. ఎక్కినవారు దిగిపోయిరి, దాచినవారు పదవులు విడిచిపోయిరి, కొండక్రింద బ్రతుకువారు మాత్రము అచటనే యున్నారు. ఇకమీదట నా కొండపై నేమి చేయదలచినను ముందు వారికి జెప్పవలెను, వారి నడుగవలెను. మనము గోరవలసిన దింతియే. ఇంతకు దక్కువైనచో నొప్పుకొనరాదు.