వరదయు వదంతియు

నిజము నిలుకడమీద తెలియునని పెద్దల మాట. కాని ఏటికి నిలుకడ లేదు. చెయ్యేటి ఒడ్డున బ్రదుకు రాజంపేట ప్రాంతమువారికి ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. 2021 నవంబరు 19వ తేదీ ఉదయము ఎగువనుండి వచ్చిన వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినది. పులపత్తూరు, మందపల్లి, గుండ్లూరు మొదలైన ఊళ్ళపై ఏరు విరుచుకొనిపడినది. ఇండ్లు కూలినవి; పశువులు కొట్టుకొనిపోయినవి; ఎందరో ప్రాణములు కోల్పోయిరి. వేళకు అందిన ఒక్క నిజమైన హెచ్చరిక ఎంత విలువైనదో ఆ ఊళ్ళవారిని అడిగిన చెప్పుదురు.

మరి అబద్ధపు హెచ్చరిక మాట ఏమి? ముసురు పట్టినది. అర్ధరాత్రివేళ సెల్‌ఫోనులో ఒక వీడియో వచ్చినది: కట్ట తెగినది, పరుగెత్తుడు! వృద్ధులను మంచముపై మోసికొని ఊరంతయు మిట్టకు చేరినది. తెల్లవారినపిమ్మట చూడగా ఆ వీడియో ఏనాటిదో, ఏ రాష్ట్రమునందలిదో! మరల అట్టి వార్త వచ్చినప్పుడు సగముమందియే కదలుదురు. మూడవమారు ఎవరును కదలరు. ఆ మూడవదియే నిజమైనచో? ‘నాన్నా, పులి’ అను కథ మనము చిన్ననాడు విన్నదే. వదంతివలని గొప్ప కీడు నేటి పరుగు కాదు; రేపటి నమ్మకము నశించుట.

వదంతి మనుష్యులను చంపుటయు కలదు. 2018 జూలై 1వ తేదీన మహారాష్ట్రములోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమున, పిల్లలనెత్తుకొనిపోవువారని భ్రమించి, ఐదుగురు బాటసారులను జనము కొట్టి చంపిరి. ఆ సంవత్సరమే అట్టి వదంతులు తెలుగునాటను వ్యాపించినవి. అప్పుడు గద్వాల ప్రాంతమున పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూర తిప్పి, డప్పులతోను జానపదుల పాటలతోను జనులకు నిజము తెలియజేయించిరి. ఫోనులో వచ్చిన అబద్ధమును రచ్చబండవద్ద ఎదుర్కొనుట ఇందలి విశేషము. తెలిసిన ముఖము చెప్పిన మాటకు బలమెక్కువ.

వార్త చదువుటకు ముందు ప్రశ్నించుట మా వృత్తిలో మొదటి పాఠము. ఆ పాఠము ఇప్పుడు ప్రతి ఇంటికిని అవసరమైనది. ఏలయన ఫోను చేతనున్న ప్రతివారును ప్రసారకులే. ప్రశ్నలు మూడే. చెప్పినవారెవరు? కన్నులార చూచినవారా, పంపగా పంపినవారా? వాట్సప్‌లో వార్తపై జంట బాణముల గుర్తున్నచో అది అనేకుల చేతులు మారినదని అర్థము. రెండవది, ఇది ఎప్పటిది, ఎచ్చటిది? తేదీయు ఊరిపేరును లేని వీడియోను నమ్మరాదు. మూడవది, మరియొకరు ధ్రువపరచిరా? గ్రామ సచివాలయమునో, 1070 సంఖ్యనో అడుగుటకు రెండు నిమిషములు చాలును.

ఒక్క హెచ్చరిక. వాన కురియుచుండగా, నీరు పెరుగుచుండగా, విచారణ పేరిట ఏటిగట్టున నిలువరాదు. ముందు మిట్టకు పొండు, పిమ్మట విచారింపుడు. కాని విచారింపక ఇతరులకు పంపకుడు. మీ కాళ్ళకు తొందర మంచిదే. మీ వ్రేలికి తొందర వలదు.

పిల్లలకు ఈత నేర్పుచున్నాము. దానితోపాటు ఈ మూడు ప్రశ్నలను నేర్పుదము. ఏటియొడ్డు ఊళ్ళకు రెండును కావలసిన విద్యలే.