కారణం రాయని తొలగింపు



ఎవరి పేరిట ఏటా ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆ వకీలు గారు జీవితమంతా కార్మికుల కేసులే వాదించారు. ఉద్యోగం పోయిందని ఎవరొచ్చినా ముందు ఒకటే అడిగేవారు: "ఆర్డరు కాయితం ఏదయ్యా?" కాయితం ఉంటే అందులో కారణం ఉంటుంది. కారణం ఉంటే దాన్ని కోర్టులో నిలదీయొచ్చు. స్వలింగ ప్రేమికులకూ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ కొలువుల్లో ఏ రక్షణ ఉందన్నది ఇవాళ్టి విషయం. దీనిలో చిక్కంతా ఆ కాయితం దగ్గరే ఉంది.

కారణం బాహాటంగా బయటపెట్టిన సందర్భాలు రెండు చెబుతాను. రెండూ అలహాబాద్ హైకోర్టుకు వెళ్ళినవే.

రామచంద్ర సిరాస్ అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ చెప్పేవారు. ఆధునిక భారతీయ భాషల శాఖకు అధిపతి, కవి, అవార్డు అందుకున్న రచయిత. పదవీ విరమణకు కొద్ది నెలలే ఉన్నాయి. 2010 ఫిబ్రవరి 8 రాత్రి ఆయన క్వార్టర్స్‌లోకి కొందరు కెమెరాతో చొరబడి, ఆయన ఒక రిక్షా కార్మికుడితో ఉండగా చిత్రీకరించారు. ఏ నాగరిక సమాజంలోనైనా ముందు పట్టుకోవలసింది చొరబడ్డవాళ్ళను. విశ్వవిద్యాలయం మాత్రం సిరాస్‌ను సస్పెండ్ చేసి, ఇల్లు ఖాళీ చేయమంది. అప్పటికి ఏడు నెలల కిందటే, 2009 జూలై 2న, నాజ్ ఫౌండేషన్ కేసులో ఢిల్లీ హైకోర్టు వయోజనుల మధ్య ఇష్టపూర్వకంగా, ఏకాంతంలో జరిగేది నేరం కాదని చెప్పి ఉంది. ఏప్రిల్ 1న అలహాబాద్ హైకోర్టు సస్పెన్షన్‌పై స్టే ఇచ్చింది. ఏప్రిల్ 7న సిరాస్ అద్దె ఇంట్లో చనిపోయి కనిపించారు. స్టే వచ్చి వారం తిరగలేదు.

రెండోది బులంద్‌షహర్ జిల్లాలోని ఒక హోంగార్డు సంగతి. తన భాగస్వామితో చనువుగా ఉన్న వీడియో ఒకటి బయటికొచ్చిందని 2019 జూన్‌లో ఆయన్ను తీసేశారు. స్వలింగ సంబంధాలు నేరం కాదన్న సుప్రీంకోర్టు నవతేజ్ జోహార్ తీర్పు వచ్చి అప్పటికి తొమ్మిది నెలలైంది. అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పు, దేశమంతా పత్రికల మొదటి పేజీల్లో వచ్చిన తీర్పు, ఆ జిల్లా ఆఫీసు దాకా చేరలేదన్నమాట. హైకోర్టులో వేసిన కౌంటరు అఫిడవిట్‌లో అధికారి ఆ కారణాన్నే దాపరికం లేకుండా రాసుకొచ్చారు. 2021 ఫిబ్రవరి 2న కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి, హోంగార్డును తిరిగి చేర్చుకోమంది. ఆ అధికారి అంత నిజాయితీగా రాయకపోతే హోంగార్డు గెలిచేవాడా అన్నది నాకు అనుమానమే.

ఈ ఇద్దరికీ రిట్ వేసుకునే దారి ఎందుకు దొరికింది? ఒకరిది కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇంకొకరిది రాష్ట్ర ప్రభుత్వం. రాజ్యాంగంలోని 14, 15, 16 అధికరణాలు ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేస్తాయి. నవతేజ్ తీర్పులో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఇందు మల్హోత్రా ఇంకో అడుగు ముందుకేసి, 15వ అధికరణం నిషేధించిన లింగ వివక్షలోకి లైంగిక అభిరుచి మీద చూపే వివక్ష కూడా వస్తుందన్నారు. మంచి మాటే. కానీ ప్రైవేటు యజమాని గుమ్మం దగ్గర ఆ మాట ఆగిపోతుంది. నేరం కాకపోవడం వేరు, ఆ కారణంగా ఉద్యోగం పోకుండా ఉండటం వేరు. 2018 నాటి ఈ నవతేజ్ తీర్పు మొదటిదాన్ని ఇచ్చింది. రెండోది ఇచ్చేసిందని మనవాళ్ళలో చాలామంది, న్యాయవాదులు సైతం, అనుకుంటున్నారు.

ప్రైవేటు కంపెనీలో ఇదెలా జరుగుతుందో లేబరు కేసులు చూసేవాళ్ళకు తెలుసు. టీమ్‌లో ఎవరికో సంగతి తెలుస్తుంది. లంచ్ టేబుల్ దగ్గర పక్క కుర్చీ ఖాళీ అవుతుంది. ఏడాది కిందట బాగున్న రేటింగు ఈసారి దిగజారుతుంది. ప్రాజెక్టులోంచి తీసి బెంచ్ మీద కూర్చోబెడతారు. చివరికి హెచ్చార్ పిలిచి, "మీ అంతట మీరే రాజీనామా పెట్టండి, రిలీవింగ్ లెటరూ ఎక్స్‌పీరియన్స్ లెటరూ చక్కగా ఇస్తాం" అంటుంది. రిలీవింగ్ లెటర్ లేకపోతే రేపు ఇంకో కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇరుక్కుపోతామని తెలిసిన కుర్రాడు మారు మాట్లాడకుండా సంతకం పెట్టేస్తాడు. రికార్డు ప్రకారం అతన్ని ఎవరూ తీసేయలేదు.

ఇక్కడే అమెరికా సంగతి చెప్పుకోవాలి. మన పిల్లలు అక్కడా ఇక్కడా ఒకే కంపెనీకి పనిచేస్తున్నారు గనక అది మనకు దూరపు సంగతి కాదు. జార్జియా రాష్ట్రంలో జెరాల్డ్ బోస్టాక్ పిల్లల సంక్షేమ విభాగంలో పనిచేసేవాడు. గేల సాఫ్ట్‌బాల్ లీగులో చేరాక 2013లో ఉద్యోగం ఊడింది. మిషిగన్‌లో ఎయిమీ స్టీఫెన్స్ అంత్యక్రియల సంస్థలో ఉద్యోగి. ఇకమీదట స్త్రీగానే పనికి వస్తానని యజమానికి ఉత్తరం రాసింది. తీసేశారు. 2020 జూన్ 15న అమెరికా సుప్రీంకోర్టు 6–3 తేడాతో ఇద్దరి పక్షానా తీర్పిచ్చింది. స్టీఫెన్స్ దాన్ని వినలేదు, నెల ముందే కన్నుమూసింది. ఆ తీర్పు రాసింది సంప్రదాయవాదిగా పేరున్న జస్టిస్ గోర్సచ్. ఆయన తర్కం సూటిగా ఉంటుంది: పురుషుణ్ణి ప్రేమించే స్త్రీకి ఉద్యోగం ఉంచి, పురుషుణ్ణి ప్రేమించే పురుషుడికి తీసేస్తే, తేడా అల్లా ఉద్యోగి ఆడా మగా అన్నదే. అది 1964 పౌరహక్కుల చట్టం ఎప్పుడో నిషేధించిన లింగ వివక్ష. ఆ చట్టం 15 మందికి తక్కువ కాకుండా ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. ప్రభుత్వం మారినప్పుడల్లా అమలులో జోరు హెచ్చుతగ్గులవుతుంది గానీ తీర్పు తీర్పే.

ఇప్పుడు డల్లాస్‌లో పనిచేసే మన తెలుగు కుర్రాడు ఒకడు గే అనుకోండి. అక్కడ ఆ కారణంతో తీసేస్తే కోర్టుకెక్కవచ్చు. అదే కంపెనీ, అదే ఐడీ కార్డు, గచ్చిబౌలి ఆఫీసుకు బదిలీ అయ్యాడు. విమానం దిగేసరికి ఆ హక్కు కాస్తా కంపెనీ పాలసీ అయిపోయింది. పాలసీలో రంగుల జెండా బొమ్మ ఉండొచ్చు, జూన్‌లో ఆఫీసంతా తోరణాలు కట్టొచ్చు. ఉల్లంఘిస్తే ఏ చట్టం కింద అడగాలి అంటే హెచ్చార్ దగ్గర జవాబు లేదు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల సంగతి కాగితం మీద మెరుగు. 2014 ఏప్రిల్ 15 నాటి సుప్రీంకోర్టు నల్సా తీర్పు వాళ్ళ గుర్తింపును ఒప్పుకుంది. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టంలోని 9వ సెక్షను ఏ సంస్థా ఉద్యోగంలో, నియామకంలో, ప్రమోషన్‌లో వివక్ష చూపరాదంటుంది. ప్రైవేటు కంపెనీలూ అందులోకి వస్తాయి. 11వ సెక్షను ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలంటుంది. ఇక శిక్షల జాబితా 18వ సెక్షను చూడండి: వెట్టిచాకిరి ఉంది, ఇంట్లోంచి గెంటేయడం ఉంది, ఉద్యోగంలో వివక్ష లేదు. ఈ చట్టం కోరల్లేని పాము. ఉత్తరప్రదేశ్‌లో ఒక బడి తీసేసిన, గుజరాత్‌లో ఇంకో బడి చేర్చుకోని ఉపాధ్యాయిని జేన్ కౌశిక్ కేసులో 2025 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు చట్టం అమలుకాని తీరును తప్పుబట్టి, కేంద్రమూ ఆ రెండు రాష్ట్రాలూ ఒక్కొక్కటి 50,000 రూపాయల పరిహారం ఇవ్వాలంది. చట్టం వచ్చి ఆరేళ్ళకు, దాన్ని అమలు చేయనందుకు ప్రభుత్వాలే పరిహారం కట్టుకోవలసిన పరిస్థితి!

మన హైదరాబాద్‌లో ఇంతకన్నా విచిత్రం జరిగింది. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. వారిలో ఒకరు అంతకు ముందు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసి, సంగతి తెలిస్తే రోగులు రావడం తగ్గుతుందన్న యాజమాన్యం భయానికి ఉద్యోగం పోగొట్టుకున్నానని పత్రికలకు చెప్పారు. వాళ్ళు ఉస్మానియాలో రోగులను చూస్తున్న రోజుల్లో కూడా 1329 ఫస్లీ నాటి, అంటే 1919 నాటి, నిజాం కాలపు చట్టం ఒకటి బతికే ఉంది. ఆడ దుస్తుల్లో వీధిలో కనిపించిన హిజ్రాను వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చనే చట్టం అది. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జూలైలో, వైజయంతి వసంత మొగ్లి కేసులో కొట్టేసింది.

కొత్త చట్టం కావాలని అడిగితే ప్రైవేటు యజమానుల జోలికి పోకూడదనే వాదన వస్తుంది. 2017లో శశి థరూర్ లోక్‌సభలో పెట్టిన వివక్ష వ్యతిరేక బిల్లు చట్టం కాకుండానే కాలం చెల్లిపోయింది. అయితే అదే ఏడాది అదే పార్లమెంటు హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టాన్ని ఆమోదించింది. హెచ్ఐవీ ఉందని ఎవరూ, ప్రైవేటు యజమాని సైతం, ఉద్యోగం తీసేయడానికి వీల్లేదని అది చెప్పింది. తప్పనిసరై తీసేస్తే స్వతంత్ర వైద్యుడి లిఖిత నివేదికను, తన ఇబ్బందేమిటో యజమాని రాసిన ప్రకటనను ఉద్యోగి చేతికివ్వాలి. వకీలు గారు అడిగే కాయితాన్ని చట్టమే పుట్టించిందన్నమాట.

రాజీనామా రాయించుకున్న చోట ఇది చాలదు. అక్కడ రుజువు భారం మారాలి. బ్రిటన్ 2010 సమానత్వ చట్టంలో వివక్ష జరిగిందని అనుమానించదగ్గ ఆధారాలు ఉద్యోగి చూపితే చాలు, కారణం అది కాదని నిరూపించుకోవలసింది యజమానే. రేటింగు ఎందుకు పడిపోయిందో, బెంచ్ మీదికి ఎందుకు పంపారో తేదీలతో సహా కంపెనీయే చెప్పుకోవాలి. ఆ రికార్డులు దాని దగ్గరే ఉంటాయి కదా.

చివరిగా, లా కాలేజీ నుంచి వచ్చిన విద్యార్థులకు ఒక సంగతి. బిల్లు ముసాయిదా రాసే పని రేపు మీలో కొందరిమీద పడొచ్చు. ఆఫీసులో వేధింపు గురించి ఫిర్యాదు చేయాలంటే తానెవరో ముందు బయటపెట్టుకోవాలి. ఊళ్ళో తల్లిదండ్రులకు తెలియని విషయం లేబరు కోర్టు కాజ్ లిస్టులో పడుతుందంటే ఎవరు ఫిర్యాదు చేస్తారు? హెచ్ఐవీ చట్టం 34వ సెక్షను కింద బాధితుడి వివరాలు దాచిపెట్టి విచారణ జరిపించమని కోర్టును అడగవచ్చు. అవసరమైతే తలుపులు మూసి వింటారు కూడా. ముసాయిదా రాసేటప్పుడు ఆ సెక్షను పక్కన పెట్టుకుని రాయండి.