‘అరగంటలో అయిపోతుంది’ అని చెప్పేవాళ్ల కోసం

టైమ్ మేనేజ్‌మెంట్ మీద వీడియో చేయమని చాలామంది అడుగుతున్నారు. పొద్దున్నే 5 గంటలకు లేవండి, ఫోన్ పక్కన పెట్టండి... ఇవన్నీ మీకు తెలిసినవే, వాటి జోలికి వెళ్లను. ఈరోజు ఒకే ఒక్క తప్పు గురించి మాట్లాడతాను. అది నేను ఏళ్ల తరబడి చేశాను కాబట్టి.

అప్పటికి ఇంకా జాబ్‌లోనే ఉన్నా. శనివారం పొద్దున ఖమ్మంలో తాతయ్య సంవత్సరీకం. శుక్రవారం సాయంత్రం 6 కల్లా హైదరాబాద్‌లో ఆఫీసు నుంచే బయల్దేరతానని నాన్నకు మాటిచ్చాను. 5 గంటలకు ఒక బగ్ వచ్చింది. "చిన్నదే, అరగంటలో అయిపోతుంది" అన్నాను. కోడ్ మార్చడానికి నిజంగానే అరగంట పట్టింది. కానీ టెస్ట్ చేస్తే ఇంకోచోట ఎర్రర్. రివ్యూ చేయాల్సినతను ఇంటికి వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తేసరికి గంట. తర్వాత బిల్డ్ ఫెయిల్. కుర్చీలోంచి లేచేసరికి రాత్రి 11.30. మర్నాడు బస్సు దిగి ఇంటికెళ్లేసరికి కార్యక్రమం అయిపోయి, భోజనాలు నడుస్తున్నాయి. నాన్న ఏమీ అనలేదు. "తిన్నావారా?" అని మాత్రం అడిగారు. తిట్టినా బాగుండేది.

నేను బద్ధకస్తుణ్ని కాబట్టే ఇలా అవుతోందని చాలా రోజులు అనుకున్నా. కానీ ఆ సాయంత్రం నేను టీకి కూడా లేవలేదండీ! తప్పంతా లెక్కలో ఉంది. దీనికి ప్లానింగ్ ఫాలసీ అని పేరు. డానియల్ కానమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే దీని గురించి రాశారు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే సైకాలజిస్టులు కొందరు స్టూడెంట్లను, మీ థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. పట్టింది 55. అసలు మజా ఏంటంటే, "ఏదీ కలిసిరాకపోతే ఎన్ని రోజులు?" అని కూడా అడిగారు. దానికి చెప్పిన లెక్క దాదాపు 49. అంటే భయపడి చెప్పిన లెక్క కూడా చాల్లేదు. సిడ్నీ ఒపేరా హౌస్ 1963కి అయిపోతుందనుకుంటే 1973లో తెరిచారు. ఇక నా బగ్ ఎంత!

మరి ఇదే మనం పక్కవాళ్ల విషయంలో చేయం, గమనించారా? ఫ్రెండ్ ఫోన్ చేసి "పది నిమిషాల్లో ఉంటా మామా" అంటే నమ్ముతామా? వీడి పది నిమిషాలంటే ముప్పావుగంట అని తాపీగా స్నానానికి వెళ్తాం. వాడి చరిత్ర మనకు తెలుసు. మన చరిత్ర మాత్రం మనం చూసుకోం.

అందుకే నేను చూసుకోవడం మొదలుపెట్టా. ఫోన్ నోట్స్‌లో పని పేరు, పక్కన రెండు అంకెలు. ఎంత అనుకున్నా, ఎంత పట్టింది. యాప్ ఏమీ అక్కర్లేదు. రెండు వారాలు రాశాక చూస్తే, వీడియో ఎడిటింగ్‌కి 3 గంటలు అనుకున్న ప్రతిసారీ 7 దాకా పట్టింది. వంట మాత్రం కరెక్ట్! రాయదుర్గం నుంచి ఎల్బీనగర్‌కి మెట్రో అంటే రైల్లో కూర్చున్న టైమే లెక్కేస్తున్నా. ఆఫీసు లిఫ్టు, స్టేషన్ దాకా ఆటో, సెక్యూరిటీ చెకింగ్, అమీర్‌పేటలో రైలు మారడం... ఇవేవీ నా లెక్కలో లేవు.

అన్నిటికీ డబుల్ టైమ్ వేసుకోమని కొందరు చెప్తారు. నాకైతే పనిచేయలేదు. టైమ్ ఉందని తెలిస్తే ముందు రీల్స్ చూస్తా. ఉన్న టైమంతా నిండేదాకా పని సాగుతూనే ఉంటుందని పార్కిన్సన్ 1955లోనే రాశాడు. అందుకే ఏ పనికి నా లెక్క ఎంత తప్పుతుందో, ఆ పనికే అంత కలుపుతా. ఎవరైనా "ఎప్పటికి అవుతుంది?" అంటే వెంటనే టైమ్ చెప్పను. ముందు నోట్స్ తెరుస్తా. మా మేనేజర్‌కి మొదట్లో ఇది నచ్చలేదు, అది వేరే కథ.

తర్వాతి ఏడాది సంవత్సరీకానికి శుక్రవారం లీవ్ పెట్టి, గురువారం రాత్రికే ఇంట్లో ఉన్నా. అన్నట్టు, ఈ ఎపిసోడ్ స్క్రిప్ట్‌కి 2 గంటలు అని రాసుకున్నా. నాలుగున్నర పట్టింది. అది కూడా నోట్ చేశా. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!