ఊరి ముందు బోర్డు
(సంఘ వార్షికోత్సవ ప్రసంగ పాఠం)



నేను ఇంటర్ అయ్యాక ఫౌజులో చేరినవాణ్ణి. పెద్ద చదువులు లేవు. కానీ వెళ్ళిన ప్రతి చోటా ఊరి ముందు బోర్డు చదవడం అలవాటు. కొత్త ప్రాంతంలో బండి దిగిన జవానుకు మొదటి రిపోర్టు అదే కదా!

అండమాన్ పోస్టింగులో ఉండగా దక్షిణ అండమాన్ ఫెరార్‌గంజ్ తహసీలులోని తుష్నాబాద్ మీదుగా పలుమార్లు వెళ్ళాను. చుట్టూ కొబ్బరి, పోక తోటలు. పంచాయతీ బోర్డు హిందీలో, ఇంగ్లీషులో. దాన్ని చూసి మా కుర్రాడొకడు "సాబ్, ఇక్కడ కూడా నవాబులేలారా?" అన్నాడు. మన హైదరాబాదు, నిజామాబాదు గుర్తొచ్చాయి పాపం. నవాబులెవరూ లేరు. కాలాపానీ శిక్ష పడ్డవాళ్ళలో నడవడి బాగున్నవారికి భూమి ఇచ్చి, అడవి కొట్టించి నిలబెట్టిన పల్లెలు ఆ జిల్లాలో చాలా ఉన్నాయి. ఫెరార్‌గంజ్ పేరు మాత్రం 1923 నుంచి 1931 వరకు చీఫ్ కమిషనరుగా చేసిన ఫెరార్ దొరది. అడవి కొట్టినవాడొకడు, బోర్డుకెక్కినవాడొకడు!

1921 మలబారు తిరుగుబాటు తరువాత ఓడలెక్కించిన మాప్పిళ్ళలు మాత్రం సొంత ఊళ్ళ పేర్లు వెంట తెచ్చుకున్నారు. కాలికట్, మంజేరి, తిరూర్, వండూర్ అన్నీ అక్కడ ఉన్నాయి. మా మలయాళీ హవల్దారు వండూర్ బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగి ఇంటికి పంపుకున్నాడు.

మరి మనవాళ్ళు? 2011 జనగణనలో ఆ ద్వీపాల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వేటకు, కూలికి వచ్చినవాళ్ళు ఎక్కువ. మన అక్షరాలు గుడి మీద, అక్కడక్కడ కొట్ల మీద చూశాను. ఊరి బోర్డు మీద మాత్రం నాకు కనబడలేదు.

జిర్కాటాంగ్ చెక్‌పోస్టు బోర్డు స్వాగతం పలకదు. ఆగవద్దు, ఫొటోలు తీయవద్దు, జారవాలకు తిండి ఇవ్వవద్దు అంటుంది. అది చదివితే జారవాల సంగతేమీ తెలియదు, మన గుణం మాత్రం బాగా తెలుస్తుంది.

ఈమధ్య పేర్లు మారాయి. 2018లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. నాకు నచ్చింది 2023 జనవరి 23న పేరు లేని 21 దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టడం. వారిలో సుబేదార్ జోగిందర్ సింగ్, నాయబ్ సుబేదార్ బానా సింగ్ ఉన్నారు. మా ర్యాంకువాళ్ళు! జేసీవో పేరు మ్యాపుకెక్కడం చిన్న సంగతా?

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని చూడండి. ప్రపంచ యుద్ధాల నాటి నుంచి ఇంటింటా సైనికులే కనుక జనమే 'మిలిటరీ మాధవరం' అన్నారు. దానికి సర్కారు ఉత్తర్వు అక్కర్లేకపోయింది.

ఇక మన సంఘం గేటు. దానిమీద తెలుగు అక్షరం ఒక్కటి లేదు. వచ్చే సమావేశంలో తీర్మానం పెడతాను. పైన తెలుగులో 'స్వాగతం', కింద అమరులైన మన సభ్యుల పేర్లు, ర్యాంకు తేడా లేకుండా అకారాది క్రమంలో. ఖర్చుకు నా ఒక నెల పెన్షను రాసుకోండి. పేర్ల జాబితా చూడవలసిన పని మాత్రం ఆ కుటుంబాలకే అప్పగించాలి. ఒక్క అక్షరం తప్పు పడినా ఆ తల్లి ఊరుకోదు.

జై హింద్.