ఇంజను ఊపిరి

పెనుకొండ చెంత ఎర్రమంచిలో 2019లో ప్రారంభమైన కియా కర్మాగారమునుండి తొలుత వెలువడిన సెల్టోస్ కార్లలో, 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజనుకు 140 అశ్వశక్తి యెట్లు సమకూరెనో విచారింతము. కిలో పెట్రోలు సంపూర్ణముగా దహనమగుటకు దాదాపు 14.7 కిలోల గాలి వలయును గనుక, బలము పెంపదలచువాడు ముందు గాలిని పెంపవలయును. వెలికిపోవు పొగ ఉరవడితో తిరుగు టర్బో గాలిని అదిమి లోనికి నెట్టును. అదిమిన గాలి వేడెక్కును గాన ఇంటర్‌కూలరు దానిని చల్లార్చును. 15 డిగ్రీల గాలికంటె 45 డిగ్రీల గాలి సాంద్రత సుమారు పదోవంతు తక్కువ. కావుననే ధర్మవరపు వేసవిలో, బానెట్టు క్రింది వేడిగాలిని పీల్చు ఫిల్టరును బిగించి, హోరు పెరిగినదని మురియు యువకులు ఉన్న బలమును పోగొట్టుకొనుచున్నారని నా తలంపు. హోరుకు మాత్రము లోటుండదు. అంతకంటె, హిందూపురము దారిలో దుమ్ము పట్టిన ఫిల్టరును మార్చి, హోసు క్లిప్పులు సడలకుండ చూచి, గ్రిల్లు వద్దనుండి చల్లగాలి తెచ్చుట మేలు.