బంతి మన దగ్గర లేని 87 నిమిషాలు: ఫుట్‌బాల్ ఆటగాడికి అసలు ఏం కావాలి?

కుందుర్పి నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ ఫుట్‌బాల్ మీద.

మన పక్క పిల్లోళ్లు నన్ను అడిగే ప్రశ్నలు ఇట్లుంటాయి. "అన్నా, నేను పొట్టిగా ఉన్నా, పనికొస్తానా?" "అన్నా, నాకు రొనాల్డో మాదిరి ట్రిక్కులు రావు, ఆడి ఏం లాభం?" "మంచి బూట్లు లేవు, సెలెక్షన్‌కి పోవచ్చా?" అడిగినోళ్లలో కొంతమంది జవాబు కూడా వినరు, వాళ్లంతట వాళ్లే తేల్చేసుకుంటారు. పదో తరగతి అయిపోయేసరికి గ్రౌండ్‌కి రావడం మానేస్తారు. ఎందుకప్పా అంటే "నాలో టాలెంట్ లేదన్నా" అంటారు.

ఆ టాలెంట్ అనేది ఏందో ఎక్కడ చూసి తెలుసుకున్నారు? రీల్స్‌లో. ముప్పై సెకన్ల వీడియోలో ఒకడు నలుగురిని దాటేసి గోల్ కొడతాడు. అది నిజమే, కానీ అది ఆటలో ఎంత భాగం? ఒక చిన్న లెక్క వేద్దాం.

మ్యాచ్ 90 నిమిషాలు. త్రోలు, ఫౌల్స్, గోల్ కిక్‌లు అన్నీ తీసేస్తే బంతి నిజంగా ఆటలో ఉండేది సుమారు 55, 60 నిమిషాలు. ఆ టైమును 22 మందికి పంచండి. ఒక్కొక్కరికి వచ్చేది రెండున్నర, మహా అయితే మూడు నిమిషాలు. మెస్సీ అయినా, మన ఊరి ఆటగాడైనా లెక్క దాదాపు ఇంతే. అంటే మిగతా 87 నిమిషాలు బంతి నీ కాళ్ల దగ్గర ఉండదు. ఆ 87 నిమిషాల్లో నువ్వేం చేస్తావనేదే నువ్వు ఎలాంటి ఆటగాడివో చెబుతుంది. అందుకే నేను చెప్పే గుణాల్లో ఎక్కువ భాగం బంతితో సంబంధం లేనివే.

మొదటిది చూపు. బంతి వచ్చాక తలెత్తి చూసేవాడికి అప్పటికే ఆలస్యం అయిపోతుంది. బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి, పక్కకి చూసుకోవాలి. నార్వేకి చెందిన గేర్ యోర్డెట్ అనే పరిశోధకుడు ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ మిడ్‌ఫీల్డర్ల వీడియోలు పెట్టుకుని, బంతి అందే ముందు ఎవరు ఎన్నిసార్లు తల తిప్పి చూస్తున్నారో లెక్కపెట్టాడు. ఎక్కువగా చూసుకునేవాళ్ల పాస్‌లే ఎక్కువగా సరైన చోటికి చేరుతున్నాయని తేలింది. ఈ విషయంలో స్పెయిన్ ఆటగాడు షావీ హెర్నాండెజ్‌ది పెద్ద పేరు. అతని ఎత్తు ఎంతో తెలుసా? సుమారు 170 సెంటీమీటర్లు. మెస్సీ కూడా అంతే. పొట్టి అని బాధపడే తమ్ముడూ, విన్నావా? గోల్‌కీపర్‌కి, సెంటర్ బ్యాక్‌కి ఎత్తు ఉపయోగమే, కాదనను. మిగతా చోట్ల కంటిచూపు దాన్ని పూడ్చేస్తుంది.

దీన్ని ఇంట్లో, వీధిలో నేర్చుకోవచ్చు. నీకు పాస్ ఇచ్చేవాడు ముందర ఉంటాడు. ఇంకో ఫ్రెండ్ నీ వెనక నిలబడి వేళ్లు చూపించాలి. బంతి నీ కాలికి తగలకముందే వెనక్కి చూసి ఎన్ని వేళ్లో చెప్పాలి. రోజూ ఒక పది నిమిషాలు చాలు.

రెండోది మొదటి టచ్, రెండు కాళ్లతోనూ. ఇక్కడ మన తెలుగు నేలకు సంబంధించిన ఒక పెద్దాయన గురించి చెప్పాలి. సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాద్‌లో స్కూల్ టీచర్. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఇండియా జట్టుకి కూడా ఆయనే కోచ్. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగన్ వేసింది ఈయన పాత్రే. బలహీనమైన కాలితోనే ఆడాలి, డ్రిబ్లింగ్ చేయకూడదు అని రూల్స్ పెట్టి చిన్న చిన్న పోటీలు ఆడించేవాడాయన. డ్రిబుల్ వద్దంటే ఏమవుతుంది? బంతి రాకముందే ఆలోచించాలి. కుడికాలు వద్దంటే? ఎడమకాలు నేర్చుకోక తప్పదు.

మన ఎర్రనేల గట్టిది, గులకరాళ్లు ఎక్కువ. బంతి ఎటు లేస్తుందో తెలియదు. అది కష్టమే, కానీ ఈ నేల మీద బంతిని ఆపడం నేర్చినోడికి పచ్చగడ్డి మీద ఆపడం సులభమవుతుంది. ఒక గోడ చూసుకో. ఎడమకాలితో వంద సార్లు కొట్టు, వంద సార్లు ఆపు. కోచ్ లేకపోయినా, టర్ఫ్ లేకపోయినా ఈ పని ఆగదు.

మూడోది పక్కోడి కోసం పరుగెత్తడం. పెద్ద మ్యాచ్‌లో ఒక ఆటగాడు 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు. అందులో ఎక్కువ పరుగు బంతి తనకు రాదని తెలిసి పెట్టేదే. నువ్వు కుడివైపు పరుగెత్తితే డిఫెండర్ నీ వెనకాల వస్తాడు, నీ ఫ్రెండ్‌కి మధ్యలో దారి దొరుకుతుంది. వాడు గోల్ కొడతాడు, చప్పట్లు వాడికే. రీల్స్‌లో నీ పరుగు కనిపించదు, కానీ చూడటం తెలిసిన కోచ్‌కి కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. మనది వాన తక్కువ పడే జిల్లా. ఎండల్లో మిట్టమధ్యాహ్నం పరుగెత్తితే స్టామినా రాదు, వడదెబ్బ వస్తుంది. పొద్దున్నే, లేదంటే సాయంత్రం ఆడండి. దాహం వేయకముందే నీళ్లు తాగండి.

ఇంక నాలుగోది. ఒక్కటే చెప్పన్నా అంటే నేను చెప్పేది ఇదే. బంతి పోగొట్టుకున్నాక వచ్చే ఐదు సెకన్లు. ఆ ఐదు సెకన్లలో నువ్వు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతావా, పాస్ సరిగా ఇవ్వలేదని పక్కోడిని తిడతావా, లేక మళ్లీ బంతి కోసం పరుగెత్తుతావా?

ఒక జట్టు మొత్తం ఆ పని చేస్తే ఎట్లుంటుందో 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో చూడొచ్చు. మొదటి మ్యాచ్‌లోనే ఇండియా దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయింది. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌కి జ్వరం. ఆ ఆటలకు సంబంధించిన గొడవ వల్ల స్టేడియంలో జనమంతా ఇండియాకి వ్యతిరేకం. కోచ్ రహీమ్‌కి క్యాన్సర్. ఫైనల్లో ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియానే. రహీమ్ ఏం చేశాడు? తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ని ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించాడు. పీకే బెనర్జీ ఒకటి, ఆ జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. సెప్టెంబర్ 4న ఇండియా 2-1తో గెలిచి బంగారు పతకం తీసుకుంది. సికింద్రాబాద్ ప్రాంతం నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ కూడా ఆ జట్టులో ఉన్నాడు. రహీమ్ మరుసటి ఏడాది జూన్‌లో చనిపోయాడు. ఫుట్‌బాల్‌లో మనకు ఏషియన్ గేమ్స్ బంగారం మళ్లీ రాలేదు.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. తలకు దెబ్బ తగిలితే ఈ రోజుల్లో ఆడకూడదు, డాక్టర్ దగ్గరికే పోవాలి. జర్నైల్ నుంచి నేర్చుకోవాల్సింది దెబ్బతో ఆడటం కాదు. "నేను డిఫెండర్‌ని, ముందర ఆడను" అని అనకపోవడం.

బూట్ల సంగతి. ఉత్తకాళ్లతో ఆడటం గొప్ప అని కథలు చెబుతుంటారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనోళ్లు చాలామంది ఉత్తకాళ్లతోనే ఆడి ఫ్రాన్స్‌కి గట్టి పోటీ ఇచ్చారు, 2-1తో ఓడారు. కానీ 1952 హెల్సింకీలో, ఆ చలిలో, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. కాబట్టి నేర్చుకోవడానికి బూట్లు లేకపోయినా పర్వాలేదు, సెలెక్షన్‌కి మాత్రం కావాలి. కొత్త బూట్లు అదే రోజు తొడిగితే కాళ్లు బొబ్బలెక్కుతాయి. సీనియర్ దగ్గర పాత జత అడిగి తీసుకో, రెండు వారాల ముందు నుంచే అలవాటు చేసుకో. అడగడంలో సిగ్గు లేదు.

చెల్లెళ్లకు ఒక మాట. నిజామాబాద్ జిల్లాలో తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య ఇండియాకి ఆడుతోంది. 2022లో క్రొయేషియాకి పోయి డైనమో జాగ్రెబ్ క్లబ్‌కి ఆడింది. "ఆడపిల్లకు ఫుట్‌బాల్ ఏందమ్మా" అనే మాట ఆ తండాలో లేకుండా ఉంటుందా? ఇంట్లో నాన్న ఒప్పుకోకపోతే ఆమె వీడియో ఒకటి పక్కన కూర్చోబెట్టి చూపించు. మన అనంతపురంలోనే ఆర్డీటీ వాళ్ల దగ్గర ఆడపిల్లలు కూడా ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు.

ఒక నిజం కూడా చెప్పాలి. ఇవన్నీ ఉన్నా అందరికీ జట్టులో చోటు రాదు, ఉద్యోగం రాదు. చదువు మానేసి ఆడమని నేను చెప్పను. కానీ ఆటలో ఓడిపోయి మానడం వేరు, రీల్స్ చూసి నాకు రాదని మానడం వేరు. రెండోది మాత్రం చేయొద్దు.

ఈ ఆదివారం మీ మ్యాచ్‌లో ఎవరినైనా ఒకరిని ఫోన్‌తో నిలబెట్టండి. బంతి ఉన్నోడిని కాదు, నిన్నే పది నిమిషాలు వీడియో తీయమను. బంతి పోయినాక నువ్వేం చేస్తున్నావో ఇంటికి పోయి చూసుకో. ఎన్నిసార్లు పరుగెత్తావు, ఎన్నిసార్లు నిలబడ్డావు, కాగితం మీద రాసుకో. మళ్లీ నెలకు ఇంకో వీడియో తీసి రెండూ పక్కపక్కన పెట్టు.

ఉంటాను మరి. పొద్దు గూకుతోంది, గ్రౌండ్‌కి పోవాలి.