చారల చేపల గుంపు కాపురం



మనవలు అడిగారని గాజుగిన్నెలో రెండు చేపలు తెచ్చి, వారం తిరక్కుండా పారబోసిన ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి. అవి ఆకలితో చచ్చినవి కావు. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన అంత హానిలేని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో స్థిరపడడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మన పెన్షన్ కాగితాల కంటె త్వరే లెండి! అందాకా చేపలు వేయకుండా, రోజూ చిటికెడు మేత వేస్తూ తొట్టి నడపాలి. స్పాంజిని కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు ఆ జీవులు చస్తాయి. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

మనకు అనువైనది జీబ్రా చేప. 1822లో హామిల్టన్ తన గంగానది చేపల గ్రంథంలో వర్ణించిన మన దేశపు చేపే. మన ఎండలకు హీటరు అక్కరలేదు. ఒంటరిగా ఉంటే బెదురుతుంది, రెండే ఉంటే ఒకటి రెండోదాన్ని తరుముతుంది. ఆరుకు తగ్గకూడదు. దూకుతాయి గనుక మూత తప్పనిసరి. వారానికోసారి పావువంతు నీరు మార్చాలి.

మేత రెండు నిమిషాల్లో తినేటంతే. ఊరెళితే రెండు మూడు రోజులు పస్తున్నా ఫర్వాలేదు. పక్కింటివారికి మేత డబ్బా అప్పగించి వెళ్లడమే ప్రమాదం.